నిఘా అధిపతిని తొలగించే అధికారం - దాని హద్దులు

పెట్టినవాడికి తీసేసే హక్కు ఉండదా? పైకి చూస్తే ఈ ప్రశ్నకు జవాబు చాలా తేలిక. పేరాలలో మాస్టర్ వీవరును అడిగినా, తెనాలి బజారులో షావుకారును అడిగినా, "ఎందుకుండదండీ, బ్రహ్మాండంగా ఉంటుంది" అనే చెబుతారు. చట్టం కూడా మామూలుగా అదే మాట అంటుంది. 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్టు 16వ సెక్షను ప్రకారం, నియమించే అధికారం ఎవరికి ఉందో, సస్పెండు చేసే అధికారమూ డిస్మిస్ చేసే అధికారమూ వారికే ఉంటాయి. వేరే విధంగా చట్టం చెబితే తప్ప.

ఆ "తప్ప" అన్న మాట దగ్గరే అసలు కథ మొదలవుతుంది. ఆ ఉద్యోగి దుకాణంలో గుమాస్తా కాకుండా, రాష్ట్రం మొత్తానికి చెవులూ కళ్ళూ అయిన నిఘా విభాగం అధిపతి అయితే? అతని చేతిలో ముఖ్యమంత్రికి పొద్దున్నే అందే రహస్య నివేదికలున్నాయి. ప్రతిపక్షం సభకు ఎంతమంది వచ్చారో, ఏ ఊళ్ళో ఏ కులం ఎటు మొగ్గుతోందో, ఏ విద్యార్థి సంఘం రేపు బంద్ చేయబోతోందో అతనికి తెలుసు. అలాంటివాణ్ణి ప్రభుత్వం తన ఇష్టం వచ్చినప్పుడు తీసేయవచ్చునా? తీసేయలేకపోతే ఏమవుతుంది? ఈ రెండు ప్రశ్నలనూ మన ఆంధ్ర అనుభవం ఆధారంగా, లాయర్లు కానివారికి కూడా అర్థమయ్యేలా విడమరచి చెప్పాలని నా ప్రయత్నం.

మునసబు నుంచి మొదలుపెడదాం

నిఘా, శాంతి భద్రతలు అనేవి ఎక్కడో రాజధానిలో పుట్టిన విషయాలు కావు. మద్రాసు రాజధానిలో 1816 నాటి 11వ రెగ్యులేషను గ్రామ పెద్దకు పోలీసు బాధ్యతలు అప్పగించింది. మన తాతల కాలందాకా గ్రామ మునసబు అంటే ఊరికి పోలీసు పెద్ద. ఊళ్ళోకి కొత్త మనిషి వచ్చినా, అనుమానాస్పదంగా ఎవరైనా చచ్చిపోయినా పైకి కబురు పంపవలసినవాడు ఆయనే. అది వంశపారంపర్యంగా వచ్చిన ఉద్యోగం. ఆయన్ని ఎవరూ కదిలించలేరనే అందరూ అనుకునేవారు.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఒకే ఒక్క ఆర్డినెన్సుతో రాష్ట్రమంతటా గ్రామాధికారుల పదవులనే రద్దు చేసింది. మునసబులూ, కరణాలూ ఒక్క కలం పోటుతో మాజీలయ్యారు. వాళ్ళు కోర్టుకు వెళ్ళారు. 1985లో టి. వెంకటరెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఆ ఆర్డినెన్సు చెల్లుతుందని తీర్పు చెప్పింది. పదవి ఉంచి మనిషిని తీసేయడం వేరు, పదవినే తీసేయడం వేరు. మొదటిదానికి విచారణ కావాలి, రెండోదానికి అక్కర్లేదు.

ఇందులో మనం గ్రహించవలసింది ఒకటుంది. ప్రభుత్వం ఒక మనిషిని వదిలించుకోవాలనుకుంటే దారులు చాలా ఉన్నాయి. అన్ని దారులకూ ఒకే గేటు లేదు. కొన్నింటికి అసలు గేటే లేదు.

ఇష్టం ఉన్నంత కాలం

ఇంగ్లండులో రాజుగారి కొలువు చేసేవాడు రాజుగారి ఇష్టం ఉన్నంత కాలం ఉంటాడు. ఇష్టం తీరిపోతే ఇంటికి పోతాడు. కారణం అడగడానికి లేదు. ఆ సూత్రాన్నే మన రాజ్యాంగం 310వ అధికరణంలో తీసుకున్నది. కేంద్ర ఉద్యోగులు, అఖిల భారత సర్వీసుల వారు రాష్ట్రపతి ఇష్టం ఉన్నంత కాలం, రాష్ట్ర ఉద్యోగులు గవర్నరు ఇష్టం ఉన్నంత కాలం కొలువులో ఉంటారు.

ఈ "ఇష్టం" అన్న మాట ఎంత దూరం పోతుందో తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. 164వ అధికరణంలో మంత్రుల విషయంలో కూడా అదే మాట ఉంది. 1984 ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ ఆ మాట పట్టుకునే రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి, మన వేమూరు నుంచి గెలిచిన నాదెండ్ల భాస్కరరావును గద్దె ఎక్కించారు. సరిగ్గా నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, రామారావు మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. "ఇష్టం" అంటే గవర్నరు సొంత ఇష్టం కాదనీ, దాని వెనక శాసనసభ బలం ఉండాలనీ ఆ నెలరోజులు మనందరికీ పాఠం చెప్పాయి.

ఉద్యోగుల విషయంలో ఆ ఇష్టానికి కళ్ళెం వేసింది 311వ అధికరణం. ఇందులో రెండు రక్షణలున్నాయి. ఒకటి, నియమించిన అధికారికంటే కిందివాడు డిస్మిస్ చేయరాదు. రెండు, అభియోగాలు చెప్పి, విచారణ జరిపి, తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా డిస్మిస్ చేయడం గానీ, తొలగించడం గానీ, హోదా తగ్గించడం గానీ కూడదు. దీనికి మూడు మినహాయింపులున్నాయి. క్రిమినల్ కేసులో శిక్ష పడినప్పుడు, విచారణ జరపడం ఆచరణలో వీలుకాదని కారణం రాసినప్పుడు, దేశ భద్రత దృష్ట్యా విచారణ తగదని రాష్ట్రపతి లేదా గవర్నరు భావించినప్పుడు. ఈ మూడో మినహాయింపును నిఘా రంగంలో ఉన్నవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. దేశ భద్రత పేరు చెబితే విచారణ కూడా లేకుండా పోవచ్చు.

ఇక మన నిఘా అధిపతి ఎవరు? సాధారణంగా ఐపీఎస్ అధికారి. ఆయన్ని నియమించింది రాష్ట్రపతి. కాబట్టి రాష్ట్ర ప్రభుత్వం ఆయన్ని డిస్మిస్ చేయలేదు. ఆ పని కేంద్రం చేయాలి, అదీ యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను సంప్రదించి. ఇంతవరకూ వింటే, అబ్బో, ఐపీఎస్ ఆఫీసరుకు ఎంత రక్షణ ఉందో అనిపిస్తుంది. కానీ పెద్ద తలుపుకు ఎంత పెద్ద తాళం వేసినా, దొడ్డిదారి తెరిచే ఉంటుంది గదా!

దొడ్డిదారులు మూడు

మొదటిది బదిలీ. బదిలీ శిక్ష కాదని చట్టం చెబుతుంది. జీతం తగ్గదు, హోదా తగ్గదు. అందుచేత 311వ అధికరణం దరిదాపులకు కూడా రాదు. ఇంటెలిజెన్స్ కుర్చీలోంచి ప్రింటింగ్ అండ్ స్టేషనరీ కుర్చీలోకి మారిస్తే కాగితం మీద జరిగిన నష్టం ఏమీ లేదు. తమిళనాడులో ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిగా ఉన్న ఇ.పి. రోయప్పను అలాగే వేరే కుర్చీలకు మారిస్తే ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1973లో ఆయన కేసు ఓడిపోయారు. కానీ ఆ తీర్పులోనే జస్టిస్ భగవతి ఒక గొప్ప సూత్రం చెప్పారు. సమానత్వానికీ నిరంకుశత్వానికీ పడదనీ, పాలకుడి చర్య ఇష్టారాజ్యంగా ఉంటే అది సమానత్వ హక్కును భంగపరచినట్టేననీ దాని సారం. ఓడిపోయిన కేసులోంచి అందరికీ పనికొచ్చే సూత్రం పుట్టింది.

రెండోది వెయిటింగ్. "జీఏడీలో రిపోర్టు చేయండి" అని ఒక్క ముక్క ఉత్తర్వు ఇస్తారు. అంటే సాధారణ పరిపాలన శాఖకు వెళ్ళి హాజరు వేసుకోమని. పోస్టింగు ఇవ్వరు. పని లేదు, గది లేదు, జీపు లేదు.

మూడోది సస్పెన్షన్. ఇదీ శిక్ష కాదట! విచారణ సవ్యంగా సాగడానికి ఉద్యోగిని పక్కన కూర్చోబెట్టడం అన్నమాట. అఖిల భారత సర్వీసుల క్రమశిక్షణ నిబంధనలు, 1969 ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం ఐపీఎస్ అధికారిని సస్పెండు చేయవచ్చు. ఆ కాలంలో పూర్తి జీతం రాదు, జీవనభృతి మాత్రమే వస్తుంది. హెడ్‌క్వార్టర్స్ వదిలి వెళ్ళాలన్నా పర్మిషన్ కావాలి.

డిస్మిస్ చేసే అధికారం లేని ప్రభుత్వం ఈ మూడింటితో ఒక అధికారిని రిటైరయ్యేదాకా బయట నిలబెట్టగలదా? నిలబెట్టగలదు. అలా జరిగిన ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది.

ఒక కుర్చీ, రెండు ఎన్నికలు

ఏ.బి. వెంకటేశ్వరరావు 1989 బ్యాచ్ ఐపీఎస్ అధికారి. చంద్రబాబునాయుడు ప్రభుత్వంలో ఇంటెలిజెన్స్ అధిపతి. 2019 ఎన్నికలకు ముందు, అధికార పక్షానికి అనుకూలంగా పనిచేస్తున్నారని వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ ఫిర్యాదు చేసింది. మార్చి 26న ఎన్నికల కమిషన్ ఆయన్నీ, ఇద్దరు జిల్లా ఎస్పీలనూ బదిలీ చేయమని ఆదేశించింది. ఎస్పీలను బదిలీ చేసిన రాష్ట్ర ప్రభుత్వం ఇంటెలిజెన్స్ అధిపతి దగ్గర మాత్రం అడ్డం తిరిగింది.

ప్రభుత్వం వాదన ఏమిటంటే - ప్రజాప్రాతినిధ్య చట్టం 28-ఎ సెక్షను ప్రకారం ఎన్నికల విధుల్లో ఉన్న పోలీసులు మాత్రమే కమిషన్ అజమాయిషీ కిందికి వస్తారు. ఇంటెలిజెన్స్ వాళ్ళకు ఎన్నికల విధులు లేవు. వాళ్ళు బందోబస్తుకు రారు, బూత్‌ల దగ్గర నిలబడరు. కాబట్టి ఆయన్ని తీసే అధికారం కమిషన్‌కు లేదు. హైకోర్టు ఈ వాదనను ఒప్పుకోలేదు. చివరికి ప్రభుత్వం ఆయన్ని మార్చక తప్పలేదు. కుమార్ విశ్వజిత్ ఆ కుర్చీలోకి వచ్చారు.

ఎవరు గెలిచారన్నది అలా ఉంచి, ఈ ఘట్టంలోని వింతను గమనించండి. మామూలుగా ప్రభుత్వం తీసేస్తానంటుంది, అధికారి వద్దంటాడు. ఇక్కడ ప్రభుత్వం ఉంచుకుంటానంటోంది, మరో రాజ్యాంగ సంస్థ తీసేయమంటోంది. నిఘా అధిపతి ప్రభుత్వానికి నమ్మకస్తుడైతే చాలదు, ఎన్నికల వేళ ప్రతిపక్షానికి కూడా అనుమానం కలగనివాడై ఉండాలన్నమాట.

ఆ ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. 2019 మే నెలాఖరున జగన్‌మోహన్‌రెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. వెంకటేశ్వరరావుకు పోస్టింగు లేదు. 2020 ఫిబ్రవరి 8న సస్పెన్షన్ ఉత్తర్వు వచ్చింది. ఇంటెలిజెన్స్ అధిపతిగా ఉండగా ఇజ్రాయెల్ నుంచి నిఘా పరికరాలు కొనే వ్యవహారంలో అక్రమాలు చేశారని ఆరోపణ. ఆయన దాన్ని మొదటినుంచీ ఖండిస్తూ వచ్చారు.

అక్కణ్ణుంచి కథ కోర్టుల మెట్లెక్కింది. మార్చిలో కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ (క్యాట్) ఆయన పిటిషన్‌ను కొట్టివేసింది. మే 22న హైకోర్టు సస్పెన్షన్ చెల్లదంది. నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది. 2022 ఏప్రిల్ 22న అదే సుప్రీంకోర్టు తుది మాట చెప్పింది. నిబంధనల ప్రకారం ఇలాంటి సస్పెన్షన్ రెండేళ్ళు దాటకూడదు, అంతకు మించి పొడిగించాలంటే కేంద్రంలోని సమీక్షా సంఘం సిఫారసు ఉండాలి, అది లేదు గనుక 2022 ఫిబ్రవరి 8 నుంచి ఆయన సర్వీసులో ఉన్నట్టే లెక్క అని.

ఈ తీర్పును జాగ్రత్తగా చదవాలి. ఆరోపణలు నిజమా అబద్ధమా అని సుప్రీంకోర్టు తేల్చలేదు. సస్పెండు చేసే అధికారం లేదనీ అనలేదు. అధికారానికి గడువుందని, ఆ గడువు తీరిందని మాత్రమే చెప్పింది. చట్టం చాలాసార్లు ఇలాగే పనిచేస్తుంది. తప్పొప్పులు తేల్చదు, గడియారం చూస్తుంది.

2022 జూన్‌లో ఆయనకు ప్రింటింగ్ అండ్ స్టేషనరీ కమిషనరుగా పోస్టింగు ఇచ్చారు. ఆ నెల 28న మళ్ళీ సస్పెండు చేశారు. సాక్షులను ప్రభావితం చేస్తున్నారన్నది ఈసారి కారణాల్లో ఒకటి. దాదాపు రెండేళ్ళ తర్వాత, 2024 మే 8న, క్యాట్ ఈ రెండో సస్పెన్షన్‌ను కొట్టివేసింది. మే 30న హైకోర్టు అందులో జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది. మే 31న మళ్ళీ అదే ప్రింటింగ్ అండ్ స్టేషనరీ పోస్టింగు వచ్చింది. ఆయన వెళ్ళి ఛార్జి తీసుకున్నారు. ఆ సాయంత్రమే రిటైరయ్యారు. ఆయన పదవీ విరమణ తేదీ అదే మరి!

లెక్క వేసుకుంటే, మొదటి సస్పెన్షన్ నుంచి రిటైర్మెంటు దాకా 4 ఏళ్ళ 3 నెలల పైచిలుకు. ఈ కాలమంతా ఆయన్ని ఎవరూ డిస్మిస్ చేయలేదు. కాగితం మీద ఒక్క శిక్ష కూడా పడకుండానే ఉద్యోగ జీవితంలో ఆఖరి అధ్యాయం చిరిగిపోయింది. తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆ సస్పెన్షన్ కాలాన్ని డ్యూటీ కాలంగా లెక్కకట్టింది. జీతం వెనక్కి వస్తుంది, పోయిన ఏళ్ళు వస్తాయా?

ఇక్కడితో కథ అయిపోతే ఇది ఒక మనిషి కష్టం అనుకుని ఊరుకోవచ్చు. కానీ తర్వాతి ఘట్టం చూడండి. జగన్ ప్రభుత్వంలో ఇంటెలిజెన్స్ అధిపతిగా ఉన్నది పి. సీతారామాంజనేయులు. పత్రికల్లో పి.ఎస్.ఆర్. ఆంజనేయులు అని రాసేవారు. 2024 ఏప్రిల్ 23న, పోలింగు ఇంకా మూడు వారాలుందనగా, ఎన్నికల కమిషన్ ఆయన్నీ బదిలీ చేయమన్నది. ఈసారి ఫిర్యాదు చేసినవాళ్ళు అవతలి పక్షం. ఆ కుర్చీలోకి మళ్ళీ వచ్చింది కుమార్ విశ్వజిత్ గారే. ప్రభుత్వం మారింది. సీతారామాంజనేయులు వెయిటింగ్‌లో ఉన్నారు. 2024 సెప్టెంబరులో ఒక నటి అరెస్టు వ్యవహారంలో మరో ఇద్దరు ఐపీఎస్‌లతో పాటు సస్పెండయ్యారు. 2025 ఏప్రిల్‌లో సీఐడీ ఆయన్ని అరెస్టు చేసింది. నేరం రుజువయ్యేదాకా అదీ ఆరోపణే, ఇదీ ఆరోపణే.

ఇద్దరు అధికారులు మంచివాళ్ళా చెడ్డవాళ్ళా అన్నది నా విషయం కాదు. ఎవరి అభిమానం వారిది. నేను చూపించదలచింది వరస. ఎన్నికలు రాగానే కమిషన్ తీసేస్తుంది, ప్రభుత్వం మారగానే వెయిటింగు, ఆపైన సస్పెన్షన్, ఆపైన కోర్టు. పార్టీ మారినా వరస మారలేదు. దీన్నిబట్టి ఆ కుర్చీ రాష్ట్రానిదిగా కాక పార్టీదిగా తయారైందని అనుకోవలసి వస్తోంది.

తెలంగాణలో ఇంకో రకం చూశాం. స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో అధిపతి టి. ప్రభాకరరావును రిటైరైన తర్వాత కూడా అక్కడే కొనసాగించారు. 2023 డిసెంబరులో ప్రభుత్వం ఓడిపోగానే ఆయన రాజీనామా చేశారు. తర్వాత ఫోన్ ట్యాపింగ్ కేసులో నిందితుల జాబితాలో చేరారు. ఆ కేసు మంచిచెడ్డలు కోర్టు చూసుకుంటుంది. మన పాఠానికి పనికొచ్చేది ఒక్కటే. రిటైరైన తర్వాత ప్రభుత్వం దయతో కుర్చీలో కూర్చున్నవాడికి 311 రక్షణ లేదు. దయ పెట్టినవాళ్ళు పోతే తానూ పోవలసిందే. అలాంటివాడు "ఇది కుదరదు సార్" అని ముఖ్యమంత్రితో అనగలడా?

మిగతా కుర్చీలకు ఉన్న రక్షణ దీనికెందుకు లేదు?

రాష్ట్ర డీజీపీకి రక్షణ ఉంది. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు డీజీపీకి కనీసం రెండేళ్ళ పదవీకాలం ఉండాలన్నది. కేరళలో టి.పి. సేన్‌కుమార్‌ను 2016లో కొత్త ప్రభుత్వం డీజీపీ పదవి నుంచి తప్పిస్తే, 2017 ఏప్రిల్ 24న సుప్రీంకోర్టు ఆయన్ని తిరిగి కూర్చోబెట్టింది. ప్రజల్లో అసంతృప్తి ఉందని ఊరికే అంటే చాలదు, దానికి ఆధారం చూపాలన్నది.

సీబీఐ డైరెక్టరుకు ఇంకా గట్టి రక్షణ ఉంది. చట్టంలోనే రెండేళ్ళ కాలపరిమితి ఉంది. బదిలీ చేయాలంటే ప్రధాని, ప్రతిపక్ష నాయకుడు, భారత ప్రధాన న్యాయమూర్తి లేదా ఆయన నియమించిన న్యాయమూర్తి ఉన్న సంఘం ఒప్పుకోవాలి. 2018 అక్టోబరు 23 అర్ధరాత్రి డైరెక్టరు ఆలోక్ వర్మను అధికారాలన్నీ లాగేసి సెలవు మీద పంపి, మన తెలుగువాడే అయిన ఒడిశా కేడర్ అధికారి ఎం. నాగేశ్వరరావుకు బాధ్యతలు అప్పగించారు. "మేం బదిలీ చేయలేదు, డైరెక్టరు డైరెక్టరే, పనిమాత్రం లేదు" అన్నది కేంద్రం వాదన. సుప్రీంకోర్టు 2019 జనవరి 8న దాన్ని తిప్పికొట్టింది. పేరు ఏం పెట్టినా ఫలితం ఒకటే గనుక సంఘం ముందుకు వెళ్ళవలసిందే అన్నది. రెండు రోజులకే, జనవరి 10న, ఆ సంఘం 2-1 ఓటుతో ఆయన్ని బదిలీ చేసింది. మర్నాడు ఆయన సర్వీసుకే స్వస్తి చెప్పారు. పద్ధతి మనిషిని కాపాడకపోయినా, అర్ధరాత్రి ఉత్తర్వును మాత్రం కొట్టేసింది.

రాష్ట్ర ఇంటెలిజెన్స్ అధిపతికి ఇవేవీ లేవు. ప్రకాశ్ సింగ్ తీర్పు డీజీపీ గురించీ, ఎస్పీలు, స్టేషన్ ఆఫీసర్లు వంటి ప్రత్యక్షంగా శాంతిభద్రతలు చూసేవారి గురించీ మాట్లాడింది. తెర వెనక కూర్చునేవాణ్ణి గురించి ఏమీ చెప్పలేదు. అతనికి కనీస కాలపరిమితి లేదు, ఎంపిక సంఘం లేదు, తీసేస్తే కారణం రాయవలసిన పని లేదు. ముఖ్యమంత్రికి అత్యంత దగ్గరగా ఉండే పోలీసు అధికారికే అత్యంత తక్కువ రక్షణ!

అలాగని కదల్చకూడదా?

ఇక్కడ ప్రభుత్వం పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. నిఘా అధిపతిని ఎవరూ తీయలేని స్థితి వస్తే, అది ఇంకా ప్రమాదం. అమెరికాలో జె. ఎడ్గార్ హూవర్ 1924 నుంచి 1972లో చనిపోయేదాకా 48 ఏళ్ళు నిఘా సంస్థ ఎఫ్‌బీఐని ఏలాడు. అధ్యక్షులు వచ్చారు, పోయారు. అందరి గుట్టూ అతని బీరువాల్లో ఉంటే అతన్ని కదిలించే ధైర్యం ఎవరికుంటుంది? ఆ అనుభవంతోనే 1976లో ఆ పదవికి పదేళ్ళ పరిమితి పెట్టారు. పరిమితి పెట్టినా అధ్యక్షుడి తీసేసే అధికారం పోలేదు. 2017 మే 9న ట్రంప్ ఎఫ్‌బీఐ డైరెక్టరు కోమీని నాలుగో ఏటనే తీసేశారు.

ఈ మధ్య ఇజ్రాయెల్‌లో జరిగింది ఇంకా బాగా బోధపరుస్తుంది. అక్కడి ఆంతరంగిక భద్రతా సంస్థ షిన్ బెట్. 2002లో చేసిన చట్టం ప్రకారం దాని అధిపతికి అయిదేళ్ళ కాలం ఉంటుంది, ముందే తొలగించే అధికారమూ ప్రభుత్వానికి ఉంది. 2025 మార్చిలో నెతన్యాహు మంత్రివర్గం అధిపతి రోనెన్ బార్‌ను, నమ్మకం పోయిందని చెప్పి, తొలగించాలని తీర్మానించింది. 2023 అక్టోబరు 7 దాడిని పసిగట్టలేకపోయిన సంస్థ అధిపతి మీద నమ్మకం పోవడంలో వింత లేదు. అయితే అప్పటికే ఆ సంస్థ ప్రధాని సొంత కార్యాలయంలోని మనుషుల మీద దర్యాప్తు చేస్తోంది. మే 21న అక్కడి సుప్రీంకోర్టు ఆ తొలగింపు చట్టవిరుద్ధమన్నది. తీసే అధికారం లేదని కాదు, తన మనుషుల మీద దర్యాప్తు జరుగుతుండగా ప్రధాని ఆ నిర్ణయంలో పాల్గొనడం తగదని, చేయవలసిన పద్ధతిలో చేయలేదని. బార్ మాత్రం తానే చెప్పిన ప్రకారం జూన్ 15న దిగిపోయారు.

ఈ కేసులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు నాలుగు ప్రశ్నలు కనిపిస్తున్నాయి. తీసేస్తున్నది ఎవరు? ఏ కారణం రాశారు? ఏ పద్ధతిలో తీశారు? తీయడం వల్ల ఎవరికి లాభం? మొదటి మూడింటికీ జవాబు సరిగ్గా ఉంటే అధికారం చట్టబద్ధం. నాలుగోదానికి కూడా జవాబు సరిగ్గా ఉంటేనే అది న్యాయం. ఈ రెంటికీ తేడా ఉందని మన ప్రాంతం ఎప్పుడో చెప్పింది. మునిసిపాలిటీ పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉండనే ఉంది. అయినా 1921లో చీరాల, పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఇళ్ళూ వాకిళ్ళూ వదిలేసి రామనగర్‌లో పాకల్లో నెలల తరబడి ఉన్నారు. అధికారం ఉందా అని వాళ్ళు అడగలేదు. ఎవరికోసం వాడుతున్నారని అడిగారు.

తన కేసులో తానే జడ్జి అయితే

కోర్టులుంటే చాలు గదా, అనవచ్చు. కోర్టు తలుపు తెరిచి ఉండడం కూడా మనకు ఊరికే రాలేదు. 1973లో వచ్చిన 371-డి అధికరణం కింద ఆంధ్రప్రదేశ్‌కు ఉద్యోగుల ట్రిబ్యునల్ ఏర్పడింది. దాని తీర్పు నచ్చకపోతే మార్చేందుకు, చివరికి రద్దు చేసేందుకు కూడా రాష్ట్ర ప్రభుత్వానికి అధికారం ఇచ్చారు! ఉద్యోగి గెలిచినా, ఓడిపోయిన ప్రభుత్వమే ఆ గెలుపును చెరిపేయవచ్చు. 1986 డిసెంబరులో పి. సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. 1997లో ఎల్. చంద్రకుమార్ కేసులో, ట్రిబ్యునళ్ళ తీర్పులను హైకోర్టులు పరిశీలించవచ్చునని చెప్పింది. పైన చెప్పిన 2020, 2024 నాటి హైకోర్టు ఉత్తర్వులు ఈ పునాది మీద నిలబడినవే.

కానీ కోర్టు ఆలస్యంగా వచ్చే చుట్టం. నాలుగేళ్ళ తర్వాత వచ్చిన న్యాయం ఒక్క సాయంత్రానికి పనికొచ్చింది. అందుచేత కోర్టుకు ముందే ఏర్పాట్లు కావాలి. నాకు తోచినవి ఇవి. ఇంటెలిజెన్స్ అధిపతికి కూడా చట్టంలో రెండేళ్ళ కాలం రాయాలి. అంతకు ముందే తీసేయాలంటే కారణం కాగితం మీద పెట్టి, డీజీపీ ఎంపికకు ఉన్నలాంటి ఒక సంఘం ముందుంచాలి. ఎన్నికల ప్రకటన వెలువడిన రోజునుంచి ఆ విభాగం ఎవరికి జవాబుదారీయో 28-ఎ సెక్షనులోనే స్పష్టంగా రాయాలి. రిటైరైనవారిని ఆ కుర్చీలో కొనసాగించడం మానాలి. సస్పెన్షన్ ఇచ్చిన ప్రభుత్వం గడువులోపల విచారణ ముగించాలి, లేకపోతే సస్పెన్షన్ దానంతటదే పోవాలి.

ఇవన్నీ పెద్ద ఆఫీసర్ల గొడవలు, మనకెందుకని విద్యార్థి మిత్రులు అనుకోవచ్చు. ఫోన్ వినాలంటే హోం సెక్రటరీ రాతమూలక ఉత్తర్వు ఉండాలని నిబంధన. ఆ ఉత్తర్వు లేకుండా "ఫలానా కుర్రవాడి ఫోన్ వినండి" అని పైనుంచి నోటిమాట వస్తే, కాదనవలసినవాడు ఆ కుర్చీలో కూర్చున్నవాడే. కాదంటే రేపు పొద్దున జీఏడీలో రిపోర్టు చేయవలసి వస్తుందని అతనికి తెలుసు. అవునంటే అయిదేళ్ళ తర్వాత వచ్చే ప్రభుత్వం జైలుకు పంపుతుందనీ తెలుసు. ఈ రెండు భయాల మధ్య నలిగే మనిషి చేతిలో మన గుట్టంతా ఉంది. నిఘా అధిపతికి కావలసిన రక్షణ అతని జీతం కోసం కాదు, అతను "కాదు" అనగలగడం కోసం. ఆ "కాదు" అన్న మాట అవసరమయ్యేది అతనికంటే ముందు మనకే.